బాపు గోళ్ల కింది సున్నం

మొన్న ఆదివారం పొద్దున మా తమ్ముడు ఫోనులో ఒక ఫోటో పంపాడు. రాళ్ల కుప్ప, దాని పక్కన పసుపుపచ్చ జేసీబీ, వెనక ఎండిపోయిన కాలువ. కింద "పోయిందక్కా" అని ఒక్క మాట. ఏది పోయిందో రాయలేదు, రాయాల్సిన పనీ లేదు. శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే దారిలో, మా ఊరి మలుపు దగ్గర, కాలువ మీద ఉండే చిలకల బ్రిడ్జి అది. రోడ్డు వెడల్పు చేస్తారని చాలా కాలంగా అంటూనే ఉన్నారు. ఆ ఫోటో చూడగానే నాకు ముందు దుఃఖం రావాలి. రాలేదు. ఆ రాళ్లు ఏ లారీ ఎక్కాయి, ఎవరి తోటకు పోతున్నాయి, కూల్చమని సంతకం పెట్టినవాడికి ఏం కలిసొచ్చింది అని అనుమానం వచ్చింది. పాతికేళ్లు బడిపిల్లలకు పాఠాలు చెప్పాను, మనుషులను నమ్మమనే చెప్పాను. నాకు మాత్రం ఏ సంగతైనా అనుమానంతోనే మొదలవుతుంది. ఆ గుణం ఆ బ్రిడ్జి దగ్గరే నాకు అబ్బింది.

బ్రిడ్జి అంటే పెద్దదేమీ కాదు. ఒక ఎడ్లబండి దాటుతుంటే ఎదుటి బండి ఆగాల్సిందే. చెరువు తూము నుంచి వచ్చే కాలువ మీద మూడు కమాన్లు, నడిమిది కాస్త ఎత్తు, పక్కవి రెండూ కాస్త పొట్టి. కమాన్ల కాళ్లు చెక్కిన నల్లరాయి. నీళ్లు వచ్చే వైపు ఆ కాళ్లను పడవ ముక్కులా కోసుగా తీర్చారు, వరద తగిలితే చీలి అటూ ఇటూ పోవడానికి. పైన పిట్టగోడలు మాత్రం ఇటుక, గానుగలో రుబ్బిన డంగు సున్నం. మధ్యమధ్య ఎండ పడితే నేల మీద పువ్వుల నీడ పరిచే జాలీలు. అటు నాలుగు, ఇటు నాలుగు దిమ్మెలు. ఒక్కో దిమ్మె మీద సున్నపు గచ్చుతో చేసిన ఒక చిలక, మూరెడు ఎత్తు, ముక్కున మామిడిపిందె. ఎదురెదురుగా జతలు. నీళ్లు దాటడానికి చిలకలెందుకని చిన్నప్పుడు మా అవ్వను అడిగేదాన్ని. అవ్వ ఒక్కోసారి ఒక్కో కథ చెప్పేది. జాగీర్దారు భార్యకు నీళ్లంటే భయమనీ, బగ్గీ దాటేంతసేపూ కిందికి చూడకుండా చిలకలను లెక్కపెట్టుకొమ్మని కట్టించాడనీ ఒకసారి. ఆయన తోటలో కాయలన్నీ చిలకలు తినిపోతుంటే కోపమొచ్చి వాటిని ఇక్కడ నిలబెట్టించాడని ఇంకోసారి. "ఏది నిజం అవ్వా?" అంటే, "నేను జూసిన్నా? మా మామ చేతులు జూసిన, గంతే" అనేది. అవ్వ మామ అంటే మా బాపుకు తాత. ఆ ఎనిమిది చిలకలూ ఆయన చేతి పని. కథలెన్ని మారినా ఆ ఒక్క ముక్క మారేది కాదు.

నడి కమాను నెత్తిన ఉర్దూ అక్షరాల రాయి ఒకటి ఉండేది. సగం అక్షరాలు ఎవరో ఉలితో చెక్కేశారు. ఎవరు, ఏ కోపంతో అన్నది ఊళ్లో ఎవరికీ తెలియదు. అందులో మన తాత పేరుందా అని బాపును అడిగితే నవ్వాడు. "కట్టినోని పేరు రాయి మీద ఎందుకు రాస్తరు బిడ్డ? కట్టిచ్చినోనిది రాస్తరు."

బాపును ఊళ్లో సాయిలు మేస్త్రి అనేవారు. సున్నం పని తాత దగ్గర నేర్చుకున్నాడు, నాకు తెలివి వచ్చేసరికి ఆ పని చేయించుకునేవాళ్లు లేరు. పొద్దున్నే సైకిలు మీద మెయిన్ రోడ్డు దాకా పోయి, అక్కణ్నుంచి బస్సులో సుచిత్ర వైపు అపార్టుమెంట్ల పనికి పోయేవాడు. సాయంత్రం సిమెంటు బూడిదరంగుతో తిరిగొచ్చేవాడు. అయినా ఇంటి వెనక సున్నం గుంతను ఎండనిచ్చేవాడు కాదు. ఆదివారాలు సున్నంలో కలపడానికి కరక్కాయలు దంచి కుండలో నానబెట్టేవాడు, అందులో బెల్లం కలిపేవాడు. మూడో రోజుకు ఆ నీళ్లు పులిసి, వగరుగా, కల్లుకూ చింతపండుకూ మధ్య ఏదో వాసన ఇల్లంతా పట్టేది. అమ్మకు ఆ వాసన గిట్టదు. అవ్వకు అదే ఇల్లు. చూపు తగ్గిన తర్వాత కూడా కుండ మీదికి వంగి, ముక్కుతో చూసి, "ఇంగొక్క దినం ఆగాలె" అని చెప్పేది. పని లేని సున్నం దేనికని అమ్మ అడిగితే బాపు జవాబు ఒక్కటే. "సిమెంటు గోడకు ఊపిరాడనియ్యది. ఎన్నటికన్న మల్ల సున్నం అడుగుతరు, జూడు."

నేను మేడ్చల్‌లో ఇంటర్ చదువుతున్న రోజుల్లో కాలువ పక్క పొలాల్లో మొదటిసారి తెల్ల హద్దురాళ్లు పాతారు. వరి మడి వరి మడిలాగే ఉంది, దాని మధ్యలో నంబర్లు వేసిన రాళ్లు. నగరం నుంచి కార్లు వచ్చేవి. కళ్లజోళ్ల వాళ్లు దిగి, గట్టు మీద నిలబడి, చెరువు వైపు చెయ్యి చూపించి మాట్లాడుకునేవారు. ఆ భూముల్లో సగం యాదిరెడ్డి పటేలువి. పటేలుకు మంచి పేరే ఉండేది. పిలిస్తే పలికే మనిషి. కాకపోతే బ్రిడ్జి ఇరుకని, లారీలు తిరగడం లేదని, అది కూలిపోయేలా ఉందని ఆయన అప్పుడే అనడం మొదలుపెట్టాడు. ఆ ఎండాకాలం ఒక చిలక మాయమైంది. పది రోజులకు దాని జత చిలక. వానలకు ముందు మూడోది.

ఊరు అనుమానాలతో ఉడికిపోయింది. ముందు సినిమా షూటింగ్ వాళ్ల మీద, తర్వాత ఇటుక ట్రాక్టర్ల డ్రైవర్ల మీద. ఆ తర్వాత ఎవరు పుట్టించారో గానీ ఒక మాట పుట్టింది. జాగీర్దారు పారిపోయేటప్పుడు చిలకల కడుపుల్లో బంగారం దాచాడట. ఎందులో ఉందో, ఎందులో లేదో తెలిసినవాడే తీస్తున్నాడట. ఆ మాట ఎటు పోయి ఆగుతుందో ఊహించడం కష్టం కాదు. చిలకల కడుపులో ఏముందో తెలియాల్సింది వాటిని చేసినవాడికి. ఆయన పోయాడు, ఆయన మనుమడు ఉన్నాడు. నేను నడుస్తుంటే మాటలు ఆగిపోవడం, కిరాణా కొట్టులో నా వెనక నుంచి "మేస్త్రి బిడ్డ" అని గుసగుసలు రావడం అప్పుడే మొదలైంది.

ఇంట్లో అనుమానాలు వేరే. డబ్బాలో బెల్లం గడ్డ తరుగుతూ వచ్చింది. అమ్మ ముందు తమ్ముణ్ని కొట్టింది, తర్వాత నన్ను తిట్టింది. ఆ తర్వాత పక్కింటామె వచ్చి, మీ ఆయన కోడిగుడ్లు కొని తీసుకుపోతుంటే చూశానని చెప్పింది. ఆ గుడ్లు మా ఇంటికి రాలేదు. పైగా బాపు పనికి పోయే వేళకు గంట ముందే, తెల్లారుతుండగానే కాలువ వైపు బయటపడేవాడు. అమ్మ మూడు రోజులు ఓపిక పట్టింది. నాలుగో రోజు అన్నం పెడుతూ అడిగింది.

"బెల్లం ఎవలికి దీస్కపోతున్నవ్?"

బాపు ముద్ద ఆపాడు. "బెల్లమా? కరక్కాయ నీళ్లల్ల ఏసిన."

"గుడ్లు గూడ నీళ్లల్లనే ఏసినవా? కాలువ అవుతల ఎవలున్నరు చెప్పు. నేనేమన్న. పేరు జెప్పు చాలు."

"పిచ్చి లేసిందానె నీకు? ఎవలుంటరు?"

"ఏమో. గుడ్లు దినేటోళ్లు."

అవ్వ గోడకు ఆనుకుని చుట్ట కాలుస్తూ అంతా వింది. ఇప్పుడు తలచుకుంటే, ఆ పొద్దు అవ్వ పెదవుల మీద నవ్వు ఉండిందేమో అనిపిస్తుంది. అప్పుడు నాకు అది కనిపించలేదు. ఎందుకంటే నేను ఇంకొకటి చూస్తున్నాను. అన్నం తింటున్న బాపు గోళ్ల కింద తెల్లగా సున్నం ఉంది. ఆయన పోయేది సిమెంటు పనికి. సిమెంటు తెల్లగా ఉండదు, వారం మధ్యలో ఇంటి సున్నం ముట్టడు.

ఆ ఒక్క తెలుపు నన్ను నిద్రపోనివ్వలేదు. ఒక రోజు పొద్దున పంచాయతి ఆఫీసు దగ్గరికి రమ్మని పటేలు కబురు పంపాడు, చిలకల సంగతి తేల్చుదామని ఇంటికో మనిషిని రమ్మన్నాడు. మా ఇంటి నుంచి మాత్రం బాపు, అమ్మ, నేను ముగ్గురం రావాలన్నాడు. బయలుదేరే ముందు పిడకలకని వెనక కొట్టంలోకి వెళ్లాను. పిడకల గూడు వెనక గోనెసంచి, సంచిలో బరువైనదేదో. మూట విప్పాను. చిలక. ముక్కున మామిడిపిందె సగం విరిగింది. కడుపు నిలువునా చీలి ఉంది. కడుపు చీల్చాడంటే బంగారం కోసమే. నేను అంతకు మించి ఆలోచించలేదు. ఉన్నదున్నట్టు సంచి కట్టేసి, చేతులు దులుపుకుని బయటికొచ్చాను.

పంచాయతి ఆఫీసు ముందు యాభై మంది దాకా ఉన్నారు. పటేలు కుర్చీలో కూర్చుని మెల్లగానే మాట్లాడాడు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు.

"సాయిలు, ఊరంత నీ పేరే జెప్తున్రు. నేనైతె నమ్మలె. నీ నోటితోని జెప్పు, అయిపోతది."

"నేనేం దీయలె పటేలా."

"మరి తెల్లారంగనె కాలువ కాడ నీకేం పని?"

బాపు తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు. "ఉన్నది పటేలా. పని అయినంక నేనే జెప్త."

జనంలో నవ్వులు లేచాయి. పటేలు చెయ్యెత్తి ఆపాడు. ఆయన కళ్లు నా మీద పడ్డాయి. "నీ బిడ్డ కాలేజీల సదువుతాంది గద. గామెను అడుగుదం. సదువుకున్న పిల్ల అబద్ధం ఆడది. ఏం సుగుణా, మీ ఇంట్ల ఏమన్న జూసినవా?"

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. చెప్పొద్దనీ కాదు, చెప్పమనీ కాదు, భయంతో. నేను బాపు వైపు చూడకుండానే అన్నాను. "కొట్టంల ఒక చిలక ఉన్నది."

చెప్పాక చూశాను. బాపు ముఖంలో కోపం లేదు. మెట్లు దిగుతూ ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేసినవాడిలా ఉన్నాడు.

ఇద్దరు పోయి సంచి తెచ్చారు. చిలకను అరుగు మీద పెట్టారు. పటేలు మనిషి ఒకడు సుత్తితో దాన్ని రెండు దెబ్బల్లో పొడి చేశాడు. లోపల ఇటుక ముక్క, కొబ్బరి పీచు, తుప్పు పట్టిన చువ్వ. బంగారం లేదు. "ముందే దీసిండు" అన్నారెవరో. అప్పుడు బాపు నోరు విప్పాడు. దొంగలు గడ్డపారతో పీకబోతే ఆ చిలక విరిగి కాలువలో పడిందనీ, బురదలో దొరికితే తెచ్చాననీ, దాన్ని చూసి అచ్చు తీసి కొత్తవి చేస్తున్నాననీ చెప్పాడు. బెల్లం, గుడ్డు సొన గచ్చులోకే పోయాయి. అది సర్కారు బ్రిడ్జి, ముందే చెబితే వద్దంటారు, మూడూ నిలబెట్టి చూపిద్దామనుకున్నాడు. "నమ్మకుంటె నడువుండ్రి. పోయినయి మూడు గద. ఎన్నున్నయో లెక్కవెట్టుండ్రి."

ఊరు మొత్తం బాపు వెనక నడిచింది. లెక్కపెట్టారు. అయిదు ఉండాలి. ఆరు ఉన్నాయి. నల్లమట్టీ మజ్జిగా కలిపి పూసి పాత రంగు తెప్పించిన కొత్త చిలక అప్పటికే దిమ్మె మీద కూర్చుని ఉంది. ఎన్ని పోయాయో చెప్పుకుంటూ తిరిగిన ఊళ్లో ఎన్ని ఉన్నాయో ఒక్కరూ మళ్లీ చూడలేదు. బాపు దాని రెక్క మీద వేలు పెట్టి చూపించాడు. "గిది నేను జేసింది. ఈకల గీతలు జూడుండ్రి, కుడికి వాలినయి. మా తాతది ఎడమచెయ్యి. ఆయన గీతలు ఎడమకు వాల్తయి." ఆయన గొంతులో, ఆ పరిస్థితిలో కూడా, కొంచెం గర్వం ఉంది.

ముందు నిలబడ్డవాళ్లు వంగి గీతలు చూశారు. అప్పుడే ముగిసి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. గుంపులోంచి ఒక గొంతు లేచింది. "అంటె నకలు వెట్టి అసలుది మాయం జేస్తున్నడన్నట్టు గద?" ఆ మాటతో చూపులన్నీ మళ్లీ మారిపోయాయి. ఉన్న అయిదింటి మీద కూడా అనుమానం పడింది. ఇవి అసలువేనా, ఎప్పుడో మార్చేశాడా? నిజం చూపిస్తే అనుమానం తగ్గుతుందని అప్పటిదాకా అనుకునేదాన్ని. అది నిజాన్ని కూడా మింగి లావెక్కుతుందని ఆ కాలువ గట్టు మీద తెలిసింది. పటేలు తలూపాడు. "పాత ముచ్చట ఇడిసిపెడుదం. ఇగ మీదికెల్లి నువ్వు బిర్జి మీద చెయ్యి వెట్టకు సాయిలు. నీకే మంచిది."

ఇంటికి వచ్చాక అమ్మ గుమ్మంలోనే కూలబడి నవ్వింది. "ఓ యమ్మ, గా బెల్లం బిర్జి దిన్నదా! గుడ్లు చిల్కలు దిన్నయా!" నవ్వుతూనే ఏడ్చింది. బాపు పార తీసుకుని వెనక్కి వెళ్లి సున్నం గుంతను మట్టితో పూడ్చేశాడు. అవ్వ వాసన పట్టి, ఎటు చూస్తుందో తెలియని కళ్లతో, "ఏం జేస్తున్నవ్ కొడుకా?" అని రెండుసార్లు అడిగింది. ఆయన మట్టి ఎత్తిపోస్తూనే ఉన్నాడు. నాతో మాట్లాడటం మానేశాడని కాదు. మామూలుగానే మాట్లాడాడు. కాలేజీ బస్సు దొరికిందా, సద్ది తిన్నావా అని అడిగేవాడు. ఆ మామూలుతనాన్ని కూడా నేను అనుమానించాను. లోపల ఏదో దాచిపెట్టుకున్నాడని, ఎప్పుడో ఒకప్పుడు అంటాడని ఏళ్ల తరబడి ఎదురు చూశాను. ఊళ్లో ఇల్లు కట్టుకునేవాళ్లు వేరే మేస్త్రీలను పిలిచారు. రెండు దిమ్మెలు ఖాళీగానే మిగిలిపోయాయి.

నాకు ఉద్యోగమొచ్చి, పెళ్లై, యాప్రాల్‌లో కాపురం పెట్టిన చాలా రోజులకు, తోటి టీచరు కూతురి పెళ్లికి దేవరయాంజాల్ వైపు ఒక తోటకు వెళ్లాను. అప్పటికి ఆ చుట్టుపక్కల పొలాల కంటే ఫంక్షన్ హాళ్లే ఎక్కువ. గేటుకు రెండు వైపులా రెండు చిలకలు. ఒళ్లంతా ఆకుపచ్చ ఆయిల్ పెయింటు, ముక్కుకు ఎరుపు. పట్టుచీరతో అక్కడే మోకాళ్ల మీద కూర్చుని రెక్క మీద వేలు నడిపాను. పెయింటు కింద గీతలు ఎడమకు వాలి ఉన్నాయి. ఈ తోట ఎవరిదని వాచ్‌మన్‌ను అడిగాను. యాదిరెడ్డి పటేలు వియ్యంకుడిది. చిలకలు పటేలు తన బిడ్డ పెళ్లప్పుడు పంపించాడట. ఆ పెళ్లి, పంచాయతి జరిగిన నెలలోనే అయింది. మేమూ వెళ్లి భోంచేశాం. బాపు వడ్డించడానికి కూడా నిలబడ్డాడు.

చెబితే బాపు నమ్మకపోవచ్చనుకున్నాను. ఆయన ఒక్కటే అడిగాడు. "పైన నీడ ఉన్నదా? వానకు తడుస్తున్నయా?" ఆ వచ్చే ఆదివారం మధ్యాహ్నం తీసుకెళ్లాను. గేటు మూసి ఉంది. పైన కొత్తగా పెట్టిన కెమెరా మా వైపే తిరిగి ఉంది. అప్పట్లో మా ఊళ్లో ఒక మనిషిని అనుమానించడానికి బెల్లం గడ్డో, కోడిగుడ్డో, గోళ్లలో సున్నమో ఏదో ఒకటి కావాలి. ఇప్పుడు గేటు ముందు నిలబడితే చాలు. వాచ్‌మన్ బయటికొచ్చి, "ఎవలు మీరు? ఏం గావాలె?" అన్నాడు.

"ఏం లేదు బాబూ. పని జూస్తున్న" అన్నాడు బాపు.

"పని లేదిక్కడ. పోండ్రి."

బాపు ఇంకో నిమిషం నిలబడి, అటు చిలకనూ ఇటు చిలకనూ మార్చి మార్చి చూసి, మెల్లగా వెనక్కి తిరిగాడు. బస్టాపు దాకా ఎండలో నడిచాం. పటేలును అడుగుదాం, పదిమందిలో నిలబెట్టి అడుగుదాం అన్నాను. ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని చెప్పాడు బాపు. "అడిగితె మాత్రం ఏం జెప్తడు?" అన్నాడు. అన్నేళ్లూ నోట్లో పెట్టుకున్న మాట నేను అప్పుడు అన్నాను.

"గా దినం నేను నోరిప్పకుంటె అయిపోతుండె బాపు."

"నువ్వు అబద్ధం ఆడలె గద. ఉన్నదే జెప్పినవ్."

బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు తొంగి చూశాడు. తర్వాత, నా మీద నేరం మోపుతున్నట్టు కాకుండా, తనకు ఎన్నడూ అర్థం కాని సంగతి ఒకటి నన్నడిగి తెలుసుకుంటున్నట్టు అన్నాడు.

"నువ్వు కొట్టంలకెల్లి బయటికొచ్చినప్పుడు నేను బోరింగు కాడ కాళ్లు కడుక్కుంటున్న. నీ మొఖం జూసిన. చిల్కను జూసినవని ఎర్కైంది. ఇప్పుడు అడుగుతది, చెప్పాలె అనుకున్న. పంచాయతి దాక నీ పక్క పొంటే నడిచిన బిడ్డ. నువ్వు అడగకపోతివి."

బస్సు వచ్చింది, జనం కిటకిటలాడుతూ. బాపు నాకంటే ముందే ఎక్కి, లోపలికి తోసుకుపోయి, కిటికీ పక్క సీటు మీద తువ్వాల వేసి, నేను వచ్చి కూర్చునేదాకా దాని పక్కనే నిలబడ్డాడు.